తెర మీది చందమామకూ తిథి ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

అంతరిక్షం నేపథ్యంగా వచ్చే చిత్రాలపై మీ సినిమా పేజీ సమీక్షల్లో శాస్త్రం గురించి రెండే తీర్పులు కనిపిస్తున్నాయి. నచ్చితే ‘హాలీవుడ్ స్థాయి’, నచ్చకపోతే ‘లాజిక్ లేదు’. ఏ లాజిక్ లేదో, ఎక్కడ తప్పిందో, సరిచేయడానికి ఎంత ఖర్చయ్యేదో ఒక్క వాక్యమైనా ఉండదు. పైగా హాలీవుడ్ స్థాయి అన్నది కొలబద్దగా పనికిరాదు. అక్కడి పేరుమోసిన సినిమాల్లోనూ ఇంటర్ భౌతికశాస్త్రం లెక్కకు నిలవని ఘట్టాలున్నాయి. కొన్ని కింద చూపిస్తాను.

సమీక్షకుడు అడగాల్సిన ప్రశ్న వేరు. కథకుడు తెలిసే ఒక అసాధ్యాన్ని కోరుకున్నాడా, చూసుకోక తప్పు చేశాడా? ‘ఆదిత్య 369’ (1991)లో కాలయంత్రం ఉంది. అలాంటిది ఎక్కడా లేదని చిన్నపిల్లలకూ తెలుసు. అయినా టికెట్ కొన్నప్పుడే ప్రేక్షకుడు దానికి ఒప్పుకున్నాడు కాబట్టి తప్పుపట్టడం రసభంగం. అలాంటి కథలోనే అర్ధరాత్రి నడినెత్తిన నెలవంక కనిపిస్తే (ఆ సినిమాలో ఉందని కాదు, మాటవరసకు) దాన్ని కల్పన అనలేం, పంచాంగం తిరగేయలేదంతే. మొదటి రకం అసాధ్యం ఒక్కటుంటే కథ నడుస్తుంది. రెండో రకానివి పదున్నా కథకు పైసా లాభం లేదు.

మన సినిమాతోనే మొదలుపెడతాను. 2018 డిసెంబరులో ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ వచ్చింది. తెలుగులో వ్యోమగాముల కథను పెద్ద తెర మీదికి తేవడమే సాహసం, ఆ మెప్పు ఇవ్వాల్సిందే. పేరులోని అంకెను కథలో దేనికి వాడుకున్నారన్నది పక్కన పెట్టి, దాన్ని ఒక నౌక వేగంగా తీసుకుంటే ఏమవుతుందో చూద్దాం. లెక్క చాలా సులువు. భూమి ఆకర్షణకు స్థిరాంకమైన 3,98,600ను భూమి కేంద్రం నుంచి దూరంతో (కిలోమీటర్లలో) భాగించి వర్గమూలం తీస్తే, అక్కడ వృత్తాకార కక్ష్యలో తిరగడానికి సెకనుకు ఎన్ని కిలోమీటర్ల వేగం కావాలో వస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండే 400 కి.మీ. ఎత్తుకు భూమి వ్యాసార్ధం 6,371 కలిపితే 6,771. జవాబు సెకనుకు 7.67 కి.మీ., అంటే గంటకు సుమారు 27,600 కి.మీ. ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు.

గంటకు 9,000 అంటే సెకనుకు రెండున్నర కిలోమీటర్లే. 400 కి.మీ. ఎత్తున అంత వేగంతో అడ్డంగా వదిలిన నౌక భూమిని చుట్టదు. నాలుగున్నర నిమిషాలు దాటేసరికి 100 కి.మీ. ఎత్తుకు పడిపోయి వాతావరణంలో దూరుతుంది. ఆ వేగంతోనే పడకుండా తిరగాలంటే దాదాపు 57,400 కి.మీ. ఎత్తుకు పోవాలి. టీవీ ప్రసారాల ఉపగ్రహాలుండే భూస్థిర కక్ష్య 35,786 కి.మీ. దగ్గర ఉంది, దానికంటే ఎంతో పైన. ఎత్తు పెరిగేకొద్దీ కక్ష్యావేగం తగ్గుతుందన్నది చాలామంది స్క్రిప్ట్ రచయితలకు మింగుడుపడని విషయం. ఆ ఒక్కటి తెలిస్తే సగం డైలాగులు మారిపోతాయి.

మారాల్సిన డైలాగుల్లో మొదటిది ‘గురుత్వాకర్షణ దాటి బయటికొచ్చేశాం’. 400 కి.మీ. ఎత్తున భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో 88 శాతం ఉంటుంది. వ్యోమగాములు తేలడానికి కారణం వాళ్లూ నౌకా కలిసి ఒకే తీరున పడిపోతూ ఉండటం. అడ్డంగా పోయే వేగం వల్ల ఆ పడటం భూమిని తప్పించుకుంటూ చుట్టూ సాగుతుంది. ఇంజన్ మండుతున్నంత సేపూ ఆ తేలడం ఉండదు, వదిలేసిన పెన్ను నౌక వెనకవైపుకు పోతుంది. మన సినిమాల్లో ఇంజన్ గర్జిస్తూనే ఉంటుంది, హీరో తేలుతూనే ఉంటాడు.

రెండోది వెంటాడే ఘట్టాలు. ముందున్న నౌకను అందుకోవాలంటే వేగం పెంచాలని తెర మీది కెప్టెన్ అరుస్తాడు. కక్ష్యలో వేగం పెంచితే నౌక ఎత్తైన కక్ష్యలోకి జారి, చుట్టు పూర్తిచేయడానికి ఎక్కువ సమయం తీసుకుని, వెనకబడుతుంది. ముందున్నదాన్ని అందుకోవాలంటే మొదట బ్రేకు వేయాలి. అప్పుడు కిందికి దిగి, చిన్న చుట్టు తిరిగి, ముందుకు పోయి, మళ్లీ పైకి ఎక్కాలి. ఇది పుస్తకాల్లో మాటే కాదు. 1965 జూన్‌లో అమెరికా నౌక జెమిని 4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ తమను మోసుకొచ్చిన టైటాన్ రాకెట్ ఖాళీ దశ వైపు నౌకను గురిపెట్టి ఇంజన్లు పేల్చాడు. అది దగ్గరవక దూరమైంది. ఇంధనం హరించుకుపోతుంటే ప్రయత్నం మానుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో జెమిని 6ఏ లెక్క ప్రకారం ఎక్కి జెమిని 7ను చేరుకుంది.

మన దగ్గర స్పేడెక్స్ (రెండు ఉపగ్రహాలను కక్ష్యలోనే ఒకదానికొకటి అతికించిన ఇస్రో ప్రయోగం) అంతకంటే మంచి కథావస్తువు. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 ఎగిరింది. ఒక్కొక్కటి సుమారు 220 కిలోలున్న రెండు ఉపగ్రహాలను 475 కి.మీ. ఎత్తున వదిలింది. రెండూ గంటకు 27,000 కి.మీ. పైచిలుకు వేగంతో పోతున్నాయి. ఒకదానికొకటి దగ్గరయ్యే వేగం మాత్రం చివర్లో సెకనుకు 10 మిల్లీమీటర్లే ఉండేలా లెక్క వేసుకున్నారు. 5 కి.మీ., ఒకటిన్నర కి.మీ., 500 మీటర్లు, 225, 15, 3 మీటర్లు: ఒక్కో దూరంలో ఆపడం, అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, మళ్లీ కదలడం. జనవరి 7న అనుకున్నది 9కి, అక్కడి నుంచి ఇంకా ముందుకు వాయిదా పడింది. 12న 3 మీటర్ల దాకా వచ్చి వెనక్కి తగ్గాయి. 16న అతుక్కున్నాయి. ఆ మూడు మీటర్ల దగ్గర ఆగి వెనక్కి వచ్చిన ఘట్టంలో ఉన్న ఉత్కంఠ ఏ పేలుడులోనూ లేదు. దాన్ని తెరకెక్కించడానికి పెద్ద గ్రాఫిక్స్ కూడా అక్కర్లేదు, అంకెలు మారే ఒక తెర, దాని ముందు కూర్చున్న మనుషులు చాలు.

హాలీవుడ్ స్థాయి సంగతికి వద్దాం. ‘గ్రావిటీ’ (2013)లో శూన్యంలో చప్పుడు లేదు, దెబ్బ సూటు ద్వారా తాకినప్పుడే మూలుగులా వినిపిస్తుంది. అది చక్కటి పని. కానీ కథంతా నిలబడ్డది ఒక అసాధ్యం మీద. హబుల్ టెలిస్కోప్ దగ్గర ప్రమాదం జరిగితే వ్యోమగాములు వీపున తగిలించుకున్న జెట్ యంత్రంతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పోతారు. హబుల్ కక్ష్య భూమధ్యరేఖకు 28.5 డిగ్రీల వాలులో ఉంది, అంతరిక్ష కేంద్రం 51.6 డిగ్రీల వాలులో. ఆ సినిమా వచ్చేనాటికి ఎత్తుల్లో తేడా వంద కి.మీ. పైనే. ఎత్తు సంగతి సరే, కక్ష్య వాలు మార్చడం చాలా ఖరీదైన పని. రెండు కక్ష్యలూ అన్నివిధాలా అనుకూలంగా ఖండించుకున్నాయనుకున్నా సెకనుకు 3 కి.మీ. మేర వేగాన్ని పక్కకు తిప్పాలి. 1984లో షటిల్ వ్యోమగాములు నిజంగా వాడిన జెట్ కుర్చీ మొత్తం శక్తి సెకనుకు 25 మీటర్ల మార్పుకే సరిపోయేది. నూటఇరవై రెట్లు తక్కువ.

ఆ సినిమాలోనే తాడు పట్టుకుని వేలాడే ఘట్టం ఉంది. ఇద్దరూ ఆగిపోయాక కూడా ఏదో బలం ఒకరిని దూరంగా లాగుతూనే ఉంటుంది, అతను తాడు విప్పుకుని త్యాగం చేస్తాడు. ఆగిపోయిన మనిషిని లాగే బలం అక్కడ ఏదీ లేదు. తాడును వేళ్లతో చిన్నగా గుంజితే చాలు, తేలుతూ వెనక్కి వచ్చేస్తాడు. అంత ముఖ్యమైన మరణానికి అంత బలహీనమైన కారణం పెట్టడమే నాకు నచ్చనిది. ఇద్దరూ ఇంకా గుండ్రంగా తిరుగుతున్నట్టు చూపించి ఉంటే తాడు బిగువుకు కారణం దొరికేది, త్యాగమూ నిలిచేది. ఒక షాట్ మార్పుతో పోయేది. అదే సినిమాలో కన్నీటి చుక్క చెంప విడిచి తేలుతూ కెమెరా వైపు వస్తుంది. నిజానికి భారరహిత స్థితిలో కన్నీరు తలతన్యత వల్ల కంటికే అంటుకుని ఉబ్బుతుంది. కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్ష కేంద్రంలో నీళ్లతో ఇది చేసి చూపించాడు. ఆ చుక్కను మాత్రం నేను క్షమించేస్తాను, అందంగా ఉంది.

ఇక చంద్రుడు. వైజ్ఞానిక కల్పన, జానపదం, ప్రేమకథ అన్న తేడా లేకుండా మన తెర మీద ఎక్కువ అన్యాయం జరిగేది అతనికే. ఈ ఒక్క విషయంలో తెలుగువాడికి సాకు లేదు, ఇంట్లో క్యాలెండర్ మీద తిథి అచ్చై ఉంటుంది. సూత్రం చిన్నది. శుక్లపక్షంలో తిథి సంఖ్యను 48 నిమిషాలతో గుణిస్తే, సూర్యాస్తమయం తర్వాత చంద్రుడు దాదాపు ఎంతసేపు ఉండి అస్తమిస్తాడో వస్తుంది. విదియ నాటి నెలవంక గంటన్నరలో దిగిపోతుంది. అష్టమి నాటి అర్ధచంద్రుడు పొద్దుగూకేవేళ నడినెత్తిన ఉండి అర్ధరాత్రికి పోతాడు. పౌర్ణమి నాడు సూర్యుడు దిగుతుంటే చంద్రుడు లేస్తాడు. కృష్ణపక్షంలో అదే లెక్కతో పొద్దుగూకాక ఎంతసేపటికి ఉదయిస్తాడో చెప్పొచ్చు. బహుళ త్రయోదశి, చతుర్దశి నాటి సన్నని వంక తెల్లవారుజామున తూర్పునే కనబడుతుంది. కాబట్టి ‘అర్ధరాత్రి 12 గంటలు’ అని తెర మీద వేసి వెనక నెలవంక పెట్టడం ఏ తిథికీ కుదరదు. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది. పగలు గ్రహణంలో విలన్‌ను చంపిన హీరో ఆ రాత్రి వెన్నెల్లో పాట పాడలేడు.

వంక ఆకారంలోనూ తప్పులు జరుగుతాయి. వెలిగే అంచు ఎప్పుడూ సూర్యుడు దిగిన వైపే ఉండాలి, కొమ్ములు అటునుంచి పక్కకు తిరిగి ఉండాలి. మన అక్షాంశాల్లో సాయంకాలపు వంక చాలా నెలల్లో ఒరిగిన గిన్నెలా కనిపిస్తుంది. ఉత్తర ఐరోపాలో తీసిన స్టాక్ ఫొటో తెచ్చి అతికిస్తే అది నిటారుగా నిలబడుతుంది. కొమ్ముల మధ్య చుక్క పెట్టడం మరీ దారుణం, అక్కడ కనబడకపోయినా చంద్రుడి చీకటి భాగం ఉంది, వెనక ఉన్న ఏ నక్షత్రమూ దాన్ని చీల్చుకుని కనిపించదు.

పరిమాణం సంగతి ఛాయాగ్రాహకులకు బాగా తెలియాలి. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 50 మి.మీ. లెన్స్ వేస్తే ఫ్రేమ్ వెడల్పులో ఎనభయ్యో వంతు, దాదాపు చుక్క. 800 మి.మీ. లెన్స్ వేస్తే అయిదో వంతు. హీరో వెనక పెద్ద చంద్రుడు కావాలంటే గ్రాఫిక్స్ లేకుండానే తీయొచ్చు. కెమెరాకూ మనిషికీ మధ్య దూరం పెంచాలి. అయిదడుగుల ఏడంగుళాల మనిషి 190 మీటర్ల దూరంలో నిలబడితే సరిగ్గా చంద్రుడంత ఎత్తు కనిపిస్తాడు. ఇందులో రెండు చిక్కులున్నాయి. చంద్రుడు రెండు నిమిషాలకోసారి తన వెడల్పంత జరిగిపోతాడు, కాబట్టి టేకులు ఎక్కువ తీసుకోలేం, కెమెరా స్టాండు పక్కకు జరపడానికి చోటు చూసుకోవాలి. రెండోది వెలుగు. చీకటి పడ్డాక పౌర్ణమి చంద్రుడికి ఎక్స్‌పోజర్ పెడితే హీరో నల్లటి నీడైపోతాడు, హీరోకు పెడితే చంద్రుడు తెల్లటి బిళ్ల అవుతాడు. అందుకే పౌర్ణమికి ముందురోజు సాయంత్రం తీయాలి. ఆరోజు పొద్దుగూకడానికి సుమారు ముప్పావు గంట ముందే చంద్రుడు లేస్తాడు, ఇద్దరి మీదా వెలుగు సరిపోతుంది. పౌర్ణమి రోజునే తీయాలని పట్టుబట్టి, ఫలితం బాగోలేదని చివరికి కంప్యూటర్‌లో బిళ్ల అతికించేవాళ్లే ఎక్కువ.

కాలంలో ముందుకీ వెనక్కీ పోయే కథలకు ఇంకో మెలిక ఉంది. మహాభారత కాలాన్నీ సుదూర భవిష్యత్తునూ కలిపిన ‘కల్కి 2898 ఏడీ’ (2024) లాంటి సినిమాలు ఇప్పుడు తెలుగులో వస్తున్నాయి. భూమి అక్షం సుమారు 26,000 ఏళ్లకోసారి ఒక చుట్టు తూలుతుంది. అందుకే ఇప్పటి ధ్రువనక్షత్రం ఎప్పుడూ ధ్రువం మీదే లేదు. కలియుగారంభంగా చెప్పే క్రీ.పూ. 3102 ప్రాంతంలో ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్నది తుబాన్ అనే మరో నక్షత్రం. శ్రీకృష్ణదేవరాయల కాలంలో ఇప్పటి ధ్రువనక్షత్రం మూడు డిగ్రీలకు పైగా పక్కన ఉండేది, అంటే ఆరు చందమామలంత దూరం. 2898 నాటికి మళ్లీ నాలుగైదు డిగ్రీలు తప్పుకుంటుంది. ఏ పాత్ర అయినా చుక్కను చూసి దారి తెలుసుకునే ఘట్టముంటే ఈ తేడాను కథలోనే వాడుకోవచ్చు. తాను ఏ కాలంలో పడ్డాడో కాలయాత్రికుడికి చెప్పగల గడియారం అది.

ఒప్పుగా చేయడమంటే ఏమిటో చూడాలంటే ‘ఇంటర్‌స్టెల్లర్’ (2014) తెర వెనక పని చూడాలి. సినిమా కోసం కృష్ణబిలాన్ని (బ్లాక్‌హోల్) చిత్రకారులు ఊహించి గీయలేదు. భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి కాంతి కిరణాల దారులు రాసిస్తే, లండన్‌లోని డబుల్ నెగెటివ్ స్టూడియోవారు వాటినే ప్రోగ్రాముగా మార్చారు. వచ్చిన ఫలితాలతో 2015లో ఒక పరిశోధన పత్రం కూడా వెలువడింది. కృష్ణబిలం ద్రవ్యరాశి సూర్యుడికి పది కోట్ల రెట్లు అనుకున్నారు. ఆ అంకె ఎందుకంటే, బిలం చిన్నదైతే దగ్గరికి పోయిన గ్రహాన్ని వేలాబలాలు (దగ్గరి వైపును ఎక్కువగా, దూరపు వైపును తక్కువగా లాగే ఆకర్షణలోని తేడా) చీల్చేస్తాయి. పది కోట్ల సూర్యుళ్లయితే బిలం అంచు భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరం విస్తరిస్తుంది, అంచు దగ్గర ఆ బలాలు తట్టుకునేంతకు తగ్గుతాయి.

కథకు కావాల్సింది ఆ గ్రహం మీద ఒక గంట భూమి మీద ఏడేళ్లు కావడం. అంటే కాలం అరవై వేల రెట్లకు పైగా మందగించాలి. దానికి కృష్ణబిలం తన గరిష్ఠ భ్రమణానికి వంద లక్షల కోట్లలో ఒక వంతు మాత్రమే తక్కువగా తిరగాలి. సాధ్యమా అంటే నియమాలకు విరుద్ధం కాదు, దాదాపు అసంభవం మాత్రం అవును. థోర్న్ దానికి ఒప్పుకున్నాడు, ఇది పైన చెప్పిన మొదటి రకం అసాధ్యం. అయితే తెర మీద బొమ్మ గీసేటప్పుడు ఆ భ్రమణం వాడలేదు. అంత వేగంగా తిరిగే బిలం నీడ ఒకవైపు నొక్కేసినట్టు చదునుగా ఉంటుంది. ప్రేక్షకుడు తికమకపడతాడని గరిష్ఠంలో 0.6 వంతు భ్రమణంతో గీశారు. ఒకే సినిమాలో కథకు ఒక భ్రమణం, బొమ్మకు ఇంకొకటి.

ఇంకొకటీ వదిలేశారు. చుట్టూ తిరిగే వాయువు వలయంలో మన వైపు వచ్చే భాగం ఎక్కువ వెలుగుతో, దూరంగా పోయే భాగం మసకగా కనిపించాలి. ఆ తేడాను తీసేసి రెండు వైపులా సమానంగా వెలిగించారు. 2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీ మధ్యనున్న కృష్ణబిలం చిత్రం విడుదలైనప్పుడు వలయంలో ఒక వైపు స్పష్టంగా ఎక్కువ వెలుగుతూ కనిపించింది. 1979లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్-పియర్ లూమినే వేసిన లెక్కలోనూ అలాగే ఉంది. ఆ అసమానతను ఉంచి ఉంటే ప్రేక్షకుడు నిజంగా తికమకపడేవాడా? నాకు నమ్మకం లేదు. బొమ్మ ఇంకాస్త భయపెట్టేది, అంతే. అయినా ఈ సినిమాను నేను మెచ్చుకుంటాను, ఎందుకంటే ఎక్కడ వంచారో వాళ్లకు తెలుసు, ఎందుకు వంచారో బయటికి చెప్పారు.

‘ది మార్షియన్’ (2015)లో కుజుడి మీద తుపాను వచ్చి వ్యోమగాములు పారిపోతారు. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో అరవయ్యో వంతు. గాలి తోసే బలం సాంద్రత మీదా వేగం వర్గం మీదా ఆధారపడుతుంది కాబట్టి, గంటకు 175 కి.మీ. గాలి కూడా అక్కడ మన దగ్గరి 22, 23 కి.మీ. గాలిలాగే తగులుతుంది. దండెం మీది చీర ఊగుతుంది, రాకెట్ ఒరగదు. నిజానికి కుజుడి బలమైన గాలులు గంటకు 100 కి.మీ. ప్రాంతంలోనే ఉంటాయి. ఈ సంగతి మూలకథ రాసిన ఆండీ వియర్‌కు ముందే తెలుసు, కథ మొదలు కావడానికి కావాలనే పెట్టుకున్నానని చెప్పాడు. అక్కడి అసలు ప్రమాదం ధూళి సూర్యుడిని మూసేయడం. 2004లో దిగి, 90 కుజ దినాలు పనిచేస్తే చాలనుకున్న ఆపర్చునిటీ రోవర్ 2018 జూన్‌లో గ్రహమంతా కమ్మిన ధూళి తుపానుకు సౌరశక్తి అందక మూగబోయింది. ఫలకాల నుంచి వచ్చే కరెంటు రోజురోజుకీ తగ్గుతుంటే గదిలో ఏ యంత్రాన్ని ఆపాలో తేల్చుకోవాల్సిన మనుషుల కథ ఎవరైనా తీస్తే బాగుండును. సంభాషణల ఆలస్యం మాత్రం ఆ సినిమా చక్కగా పాటించింది. కుజుడికి మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, జవాబుకు రెట్టింపు. మన సినిమాల్లో వీడియో కాల్ మాట్లాడేస్తారు.

గ్రహశకలాల సినిమాల్లో తప్పు పరిమాణం దగ్గరే మొదలవుతుంది. ‘ఆర్మగెడాన్’ (1998)లో టెక్సాస్ రాష్ట్రమంత శకలం 18 రోజుల ముందు కనిపిస్తుంది. గ్రహశకలాల పట్టీలో అన్నింటికంటే పెద్దదైన సీరిస్ వ్యాసం 940 కి.మీ. దాన్ని 1801 జనవరి 1న ఇటలీ ఖగోళశాస్త్రవేత్త పియాజ్జీ ఆనాటి చిన్న దూరదర్శినితోనే పట్టుకున్నాడు. టెక్సాస్ అంతకంటే వెడల్పు. అలాంటిది ఎవరి కంటా పడకుండా రావడం కుదరదు. హఠాత్తుగా రావాలంటే శకలం చిన్నదై ఉండాలి, సూర్యుడి వైపు నుంచి రావాలి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలింది అలాంటిదే. వెడల్పు 20 మీటర్ల లోపు, పగటి వెలుగు వైపు నుంచి రావడంతో ఎవరూ చూడలేదు. మెరుపు చూసి జనం కిటికీల దగ్గరికి వచ్చారు, ఆ తర్వాత వచ్చిన పీడన తరంగానికి అద్దాలు పగిలి వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. మెరుపుకూ చప్పుడుకూ మధ్య ఉన్న ఆ వ్యవధిని ఏ దర్శకుడైనా వదులుకుంటాడా? శకలాన్ని పేల్చాల్సిన పనీ లేదు. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌక సెకనుకు 6 కి.మీ. పైచిలుకు వేగంతో 160 మీటర్ల డైమోర్ఫోస్‌ను ఢీకొట్టింది, దాని పరిభ్రమణ కాలం 11 గంటల 55 నిమిషాల నుంచి అరగంటకు పైగా తగ్గింది. ఏళ్ల ముందే చిన్న తోపు చాలు.

నిర్మాతలకు నా సూచన ఒక్క కాగితం. స్క్రిప్ట్ పూర్తయ్యాక, గ్రాఫిక్స్ మొదలయ్యే ముందు, అంతరిక్షంలో జరిగే ప్రతి ఘట్టానికీ చోటు, తేదీ, గంట, ఎత్తు, వేగం, సూర్యుడు ఏ వైపు, మాట చేరడానికి ఎంత సమయం అన్న ఏడు గళ్లు నింపాలి. ఏ గడి ఖాళీగా ఉందో తప్పు అక్కడ పుడుతుంది. సూర్యుడి గడి చాలా ముఖ్యం. అంతరిక్షంలో దీపం ఒక్కటే, నీడలన్నీ ఒకే వైపు పడాలి, దగ్గర్లో భూమి ఉంటే దాని నీలి వెలుగు ఒక్కటే నీడల్లోకి వస్తుంది. ఎండలో ఉన్న తెల్లటి నౌకకు ఎక్స్‌పోజర్ పెడితే వెనక నక్షత్రాలు కనబడవు, అపోలో ఫొటోల్లో లేకపోవడానికి కారణం అదే. నక్షత్రాలు కావాలంటే నౌకను భూమి నీడలోకి పంపాలి. 400 కి.మీ. ఎత్తున ఆ అవకాశం గంటన్నరకోసారి వస్తుంది.

ఆకాశం కోసం స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చోటు, తేదీ పెట్టి, నేలనూ వాతావరణాన్నీ తీసేసే మీటలు నొక్కితే ఆ క్షణపు ఆకాశం వస్తుంది. అక్కడ కనబడే అమరికనే గ్రాఫిక్స్ వాళ్లకు ఇవ్వాలి, అందం కోసం సగాన్ని అద్దంలా తిప్పి రెండో సగంగా అతికించకూడదు. ‘టైటానిక్’ (1997)లో జరిగింది అదే. ఖగోళశాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ వెంటపడి చెప్పగా, 2012లో త్రీడీలో మళ్లీ విడుదల చేసినప్పుడు జేమ్స్ కామెరాన్ 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజాము నాటి ఆకాశాన్ని పెట్టించాడు. సలహాదారుల కోసం దూరం పోనక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర విభాగం ఉంది, జాపాల్-రంగాపూర్ వేధశాల దానిదే. హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటేరియం ఉంది. అమెరికాలో సినిమావాళ్లకు శాస్త్రవేత్తలను కలిపే పనిని వాళ్ల జాతీయ సైన్స్ అకాడమీ 2008 నుంచి ఒక కార్యక్రమంగానే నడుపుతోంది. మన ఫిల్మ్ ఛాంబర్ తలచుకుంటే ఒక ఫోన్ నంబర్‌తో మొదలుపెట్టొచ్చు. సలహాదారును ఆడియో వేడుక నాడు పిలిచి శాలువా కప్పడం కాదు, కాగితం నింపేరోజు పిలవాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. అంతరిక్ష చిత్రం వచ్చినప్పుడు సమీక్ష పక్కన నాలుగు పంక్తుల చిన్న గడి వేయండి: ఈ కథ కోరుకున్న అసాధ్యం ఏమిటి, తాను పెట్టుకున్న నియమానికి చివరిదాకా కట్టుబడిందా, అవసరం లేకుండా జరిగిన తప్పు ఏది. సమీక్షకుడికి భౌతికశాస్త్రం రానక్కర్లేదు, వచ్చినవాళ్లకు ఒక ఫోన్ చేస్తే చాలు. ఇంకొకటి, బ్లూ మూన్ (ఒకే నెలలో వచ్చే రెండో పౌర్ణమి) వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో నీలిరంగు పూసిన చంద్రుడి బొమ్మ వస్తోంది. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పటి పౌర్ణమిని సూపర్‌మూన్ అని తాటికాయంత అక్షరాలతో వేస్తారు, అది అతిచిన్నగా కనిపించే పౌర్ణమి చంద్రుడి కంటే 14 శాతమే వెడల్పు, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. ఇకనుంచి చంద్రుడి ఫొటో వేసినప్పుడు ఏ ఊళ్లో, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ లెన్స్‌తో తీసిందో కింద ఒక పంక్తి ఇవ్వండి. కంప్యూటర్‌లో చేసిన బొమ్మ అయితే ఆ మాటే వేయండి.

భవదీయుడు,
మీ పాఠకుడు, హనుమకొండ